కాలు తీయకుండా చూడండి

ఇంటి నుంచి,
వానలు మొదలైన వారం

చంటీ,

కుశల ప్రశ్నలు చివర్లో అడుగుతాను, ముందు నా గొడవ విను. మీ క్యాంపులో ఫోను పలకదు కాబట్టి ఉత్తరమే గతి.

షెడ్డులో మీ అన్న వదిలేసిన కారు ఉందిగా, దాన్ని రోడ్డెక్కించాలనుకుంటున్నాను. ఆయన ఇల్లు విడిచి వెళ్ళి ఏడాది దాటింది. వెళ్ళేనాటికే అది మొరాయించి ఉంది, అందుకే దాన్నీ నన్నూ కలిపి వదిలేశాడు. ఇన్నాళ్ళూ పైన కప్పిన టార్పాలిన్ తీయలేదు. మొన్న తీస్తే బానెట్ మీద ఒక పిల్లి కుటుంబం కాపురం పెట్టి ఉంది. వాటిని ఖాళీ చేయించేసరికి నా తాతలు దిగొచ్చారు.

ఎందుకింత ఆత్రం అంటావా? నా లాండ్రీ మూటలు మోసే వ్యాను అతను పని మానేశాడు. నర్సింగ్ హోము దుప్పట్లు పొద్దున్నే దించకపోతే వాళ్ళు ఇంకో మనిషిని చూసుకుంటారు. ఈ వానల్లో తోపుడు బండి మీద వేసుకెళితే ఉతికినవి మళ్ళీ ఉతుక్కోవాలి. నాకు డ్రైవింగ్ వచ్చు. పెళ్ళికి ముందే నేర్చుకున్నానన్న సంగతి ఈ ఇంట్లో అందరూ మర్చిపోయారు, చివరికి నేను కూడా.

ఇక రోగం చెప్తాను. కొత్త బ్యాటరీ పెట్టించాను. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాను. తాళం తిప్పితే 'టక్'మని ఒక్క చప్పుడు, అంతే. ముందు లైట్లు బాగానే వెలుగుతాయి, తాళం తిప్పగానే సొమ్మసిల్లుతాయి. ఎదురింటి దర్జీ వచ్చి తోశాడు. తోస్తే ఇంజను అందుకుంది, కాసేపు దగ్గింది, ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే మళ్ళీ టక్. దర్జీ తన నడుముకు తనే కుట్లు వేసుకోవాలని వెళ్ళిపోయాడు.

నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు నువ్వు బూట్ల లేసు కట్టుకోవడం రాని పిల్లాడివి. ఇప్పుడు క్వారీ లారీలు తోలుతున్నావు. లారీకైనా కారుకైనా రోగాలు ఒకటేనని నీకు రాస్తున్నాను. ఏం చూడాలో, ఏ తీగ పట్టుకోకూడదో వివరంగా రాయి.

మీ అన్న జాడ ఏమైనా తెలిసిందా? తెలిస్తే తెలిసిందని రాయి, తెలియకపోతే తెలియలేదని రాయి. వేళకు తింటున్నావా?

నీ వదిన


క్వారీ క్యాంపు,
వాన తెరిపిచ్చిన రోజు

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. పిల్లి కుటుంబాన్ని అలా నిర్దాక్షిణ్యంగా వెళ్ళగొడతావా?

నేను బండి తోలేవాడినేగాని విప్పేవాడిని కాదు. అయినా ఇక్కడ మెకానిక్ షెడ్డు ఉంది, అడిగి తెలుసుకుని రాస్తున్నాను. కొత్త బ్యాటరీ పెట్టినా లైట్లు సొమ్మసిల్లుతున్నాయంటే కరెంటు పోయే దారిలోనో తిరిగొచ్చే దారిలోనో అడ్డం ఉన్నట్టు. చాలామంది పోయే దారే చూస్తారు, తిరిగొచ్చే దారి మర్చిపోతారు. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒక తీగ ఉంటుంది. బాడీ నుంచి ఇంజనుకు ఇంకొకటి, జడలా అల్లి ఉంటుంది. దాన్నే ఎర్తు అంటారు. అది కుళ్ళితే ఇంజనుకు కరెంటు తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది.

ముందు బ్యాటరీ తీగలు విప్పెయ్యి. తర్వాత బానెట్ ఎత్తి ఎడమ పక్క, గేరుపెట్టె కిందుగా చెయ్యి పెట్టి చూడు. జడ దొరికితే మెల్లగా వంచు. పచ్చగా చిలుము పట్టి పోగులు రాలితే దొంగ దొరికినట్టే. కొత్తది వేసేటప్పుడు బోల్టు కూర్చునే చోట రంగూ తుప్పూ గీకి ఇనుము తళతళలాడేలా చెయ్యి. కారు కింద దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, చక్రాల కింద రాళ్ళు పెట్టు, పక్కన దిమ్మలు పెట్టు.

ఇక్కడ అంతా మామూలే. దుమ్ము తింటాం, దుమ్ము తాగుతాం. నువ్వు ఆరోగ్యం చూసుకో. ఒక్కదానివే అన్నీ మీద వేసుకోకు.

నీ చంటి


ఇంటి నుంచి,
ఎండ కాసిన ఆదివారం

చంటీ,

దొంగ దొరికాడు. గేరుపెట్టె కింద చెయ్యి పెట్టి ఆ జడను ఇలా వంచానో లేదో, ఎండుగడ్డిలా పుటుక్కున రాలిపోయింది. స్పేరు పార్టుల కొట్టుకు దాన్ని పట్టుకెళ్ళి అలాంటిదే తెచ్చాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూసి మెకానిక్కును పంపమన్నాడు. నేనే మెకానిక్కునంటే నవ్వాడు. నవ్వితే నవ్వాడు, సరుకు ఇచ్చాడు.

రంగు గీకి బోల్టు బిగించి తాళం తిప్పాను. ఇంజను ఒక్క ఊపున లేచింది. షెడ్డు రేకులన్నీ గలగలలాడాయి. నాకు ఏడుపొచ్చింది చంటీ. ఈ ఏడాదిలో నేను చెయ్యి పెట్టగానే మాట విన్నది అదొక్కటే. గోళ్ళ సందున నల్లదనం ఇంకా పోలేదు. దుప్పట్లు పట్టుకునే ముందు సబ్బుతో రుద్దీ రుద్దీ చర్మం ఊడుతోంది. అయినా బాగుంది.

మూటలు వేసుకుని నర్సింగ్ హోముకు బయలుదేరాను. సగం దారి గుర్రంలా వెళ్ళింది. పెద్ద బజారు దాటాక గొంతు పట్టినట్టు రెండు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. వెనక బస్సు డ్రైవరు హారన్ మీద పడుకున్నాడు. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోందిగాని అందుకోదు. కాసేపు పక్కకు తోసి ఉంచితే దానంతటదే అందుకుంది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అదే వరస. చల్లారితే నడుస్తుంది, నాలుగు వీధులు తిరిగితే అలుగుతుంది.

నీ షెడ్డు పెద్దమనిషి ఎవరో, వైద్యం బాగా తెలిసినవాడే. ఇదీ అడుగు.

ఇంకో మాట. మీ అన్న సంగతి అడిగాను, నువ్వు రాయలేదు. కాగితం చాలలేదనుకుంటాను.

నీ వదిన


క్వారీ క్యాంపు,
సెలవు రోజు

వదినా,

నువ్వు ఏడ్చావని రాస్తే నాకూ కళ్ళు చెమర్చాయి. మంచి పని చేశావు.

ఇప్పటి రోగానికి రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది సులువు. బండి ఆగగానే, చల్లారనివ్వకుండా, పెట్రోలు ట్యాంకు మూత తిప్పు. 'ఉస్'మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలో ఉన్న చిన్న రంధ్రం పూడిపోయినట్టు. ట్యాంకు ఖాళీ అవుతుంటే దానికి గాలి అందాలి. అందకపోతే పెట్రోలు ముందుకు రాదు. గుండుసూదితో పొడిస్తే చాలు.

మూత తిప్పినా ఏ చప్పుడూ రాకపోతే పంపు చూడాలి. డిక్కీలో కుడి పక్కన చెక్క పలక ఉంటుంది, దాని మరలు విప్పు. పంపు దాని వెనకే ఉంది. ఇంజను ఆపి తాళం సగం తిప్పితే అది టకటకా కొట్టుకోవాలి. కొట్టుకోకుండా మూగగా ఉంటే చెప్పు మడమతో మెల్లగా రెండు దెబ్బలు వెయ్యి. కదిలిందంటే లోపల కరెంటు అందించే పాయింట్లు మాడాయని అర్థం. సన్న గరుకు కాగితంతో రుద్దితే మళ్ళీ కొన్నాళ్ళు పలుకుతుంది.

బాగయ్యాక రోజూ కాస్త దూరమైనా తిప్పుతూ ఉండు. పాత బండి కూర్చుంటే పాడవుతుంది.

అన్నయ్య సంగతి నాకేం తెలుస్తుంది వదినా. ఈ దుమ్ములో పక్కన నిలబడ్డవాడే కనపడడు. నువ్వు ఆ ఆలోచనలు పెట్టుకోకు, మనసు పాడు చేసుకోకు.

నీ చంటి


ఇంటి నుంచి,
నర్సింగ్ హోములో మూటలు దించి వచ్చాక

చంటీ,

మూత తిప్పితే ఏ చప్పుడూ రాలేదు. డిక్కీలో పలక విప్పాను. పంపు అక్కడే ఉంది. చెప్పుతో రెండు వేశాను, టకటకా లేచింది. పాయింట్లు రుద్దాను. ఇప్పుడు ఊరంతా తిరిగినా ఆగడం లేదు.

విప్పిన పలక చేతిలో పట్టుకుని చాలాసేపు డిక్కీ అంచు మీద కూర్చున్నాను. అది కారుతో వచ్చిన పలక కాదు. మా పాత బీరువా తలుపు కోసి చేసింది. ఒక మూల బీరువా రంగు ఇంకా ఉంది. ఈ రకం కారుకు పంపు ముందు, ఇంజను పక్కన ఉంటుందట. కొట్టతను చెప్పాడు. అక్కడ వేడెక్కుతోందని మీ అన్న దాన్ని వెనక్కి మార్చి ఉంటాడు. ఆ బీరువా కోసిన ఏడు నువ్వు ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. అప్పటికే క్వారీలో చేరావు. షెడ్డు తలుపు వేసుకుని ఆయనొక్కడే చేసుకున్నాడు. ఇంట్లో ఉన్న నాకే తెలియదు, పంపు అక్కడికి మారిందని.

నీకెలా తెలిసింది? క్వారీ మెకానిక్కుకు కలొచ్చిందా?

ఆయన నీ దగ్గరే ఉన్నాడు. అవునో కాదో రాయి. ఈసారి కాగితం చాలలేదనకు.

వదిన


క్వారీ క్యాంపు,
పని ముగిశాక

వదినా,

ఏం రాయాలో తెలియక రెండు మూడు కాగితాలు చింపాను. అవును, ఇక్కడే ఉన్నాడు. వచ్చి చాలా రోజులైంది. మెషిన్ల మేస్త్రీగా వచ్చాడు, ఇప్పుడు నా పైవాడు. నాకు లారీ ఇవ్వాలన్నా ఇంటికి పంపాలన్నా ఆయన చేతిలోనే ఉంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అన్నయ్య ఇవతల, నువ్వు అవతల, నేను మధ్యలో. నన్నేం చెయ్యమంటావు చెప్పు?

క్యాంటీను నడిపే ఆవిడ ఉంది. ఆ వెనక గదుల్లో ఉంటున్నారు. ఇంతకన్నా నా చేత రాయించకు.

నీ మొదటి ఉత్తరం నా మంచం మీద ఉంటే తీసి చదివాడు. కోపగించుకుంటాడనుకున్నాను. అలా కాదు, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇలా రాయి, ఇలా రాయి అని చెప్పాడు. నాకు సంతోషమేసింది. ఎంతైనా నీ మీద పట్టింపు ఉందని, ఇలా ఇలా దగ్గరవుతారని ఆశపడ్డాను. నా మాట నమ్ము.

మొన్న నీ ఉత్తరం చూసి, బండి లైన్లో పడింది, ఇక తెచ్చుకోవచ్చు అన్నాడు. క్యాంపు నుంచి ఊళ్ళోకి పోయిరావడానికి వాళ్ళకు బండి కావాలట. కాగితాలు ఆయన పేరునే ఉన్నాయి కదా. వచ్చే వారం నన్ను వెంటబెట్టుకుని వస్తాడు. ముందుగా చెప్పొద్దన్నాడు. నేనే చెప్తున్నాను, ఆ మేరకైనా నన్ను మెచ్చుకో.

గొడవ పడకు వదినా. బండిదేముంది, ఇవాళ కాకపోతే రేపు ఇంకొకటి కొనుక్కోవచ్చు.

నీ చంటి


ఇంటి నుంచి

చంటీ,

మెచ్చుకున్నాను. ఇంట్లో దొంగతనం జరగబోతోందని ముందు రోజు చెప్పిన దొంగను మెచ్చుకోక ఏం చేస్తారు?

నేను నా బండి బాగు చేసుకుంటున్నాననుకున్నాను. అక్కడ కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలేసుకుని, నా చేతులతో ఆయన తన బండి బాగు చేయించుకున్నాడు. కింద దూరింది నేను, మోచేతులు గీరుకున్నది నేను, కొట్టతని నవ్వు పడింది నేను. 'రోజూ కాస్త దూరం తిప్పుతూ ఉండు' అని రాశావు చూడు, ఆ మాట ఎవరిదో ఇప్పుడు తెలిసింది. నా మీద ప్రేమనుకున్నాను. బండి కూర్చుండిపోతుందని బెంగ.

కర్ర విరగకూడదు, పాము చావకూడదు, నువ్వు మంచివాడివి కావాలి. ఈ మూడూ కుదరవు చంటీ. ఎక్కడో ఒకచోట కర్ర విరుగుతుంది.

రమ్మను. గొడవ పడను. ఆయన కోసం గొంతు పెంచే ఓపిక పోయిన సంవత్సరమే అయిపోయింది. నువ్వు మాత్రం లోపలికి వచ్చి కాఫీ తాగి వెళ్ళాలని ఆశ పెట్టుకోకు.

వదిన


ఆసుపత్రి, పై అంతస్తు వార్డు

వదినా,

ఇది పక్క మంచం అతని చేత రాయిస్తున్నాను, నా కుడి చెయ్యి కట్టులో ఉంది. ఎడమ కాలికి తొడ దాకా పిండికట్టు వేశారు. నీకు కబురు తెలిసే ఉంటుంది.

ఇంటి నుంచి బయలుదేరాక ఊళ్ళో బాగానే వెళ్ళాం. ఒకటి రెండుచోట్ల అన్నయ్య బ్రేకు రెండుసార్లు తొక్కాడు, నిలిచింది. బస్సు డిపో ముందు దిగుడులో లారీ అడ్డమొచ్చింది. అన్నయ్య బ్రేకు తొక్కి పట్టాడు. కాలు అలా కిందికి దిగిపోయింది వదినా, నీళ్ళలో దిగినట్టు. హ్యాండు బ్రేకు లాగాడు, దానితో బండి పక్కకు తిరిగింది. డిపో గేటు దగ్గర కాపలాదారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. లేచే వ్యవధి లేకపోయింది. తర్వాత గోడ.

అన్నయ్యకు నుదుటి మీద గాయం, అంతే. కాపలాదారును కింది అంతస్తులో ఉంచారు. నడుము దెబ్బతిందంటున్నారు.

నీకు ఈ మాట నా నోటితోనే చెప్పాలి. విచారణ అధికారి వచ్చాడు. నువ్వు కొన్నాళ్ళుగా బండి కింద దూరి ఏవేవో విప్పుతున్నావని, తను తీసుకెళతాడని తెలిసి కక్షతో బ్రేకులు పాడు చేశావని అన్నయ్య చెప్పాడు. కంగారులో అన్నాడు, మనసులో అంత లేదు. నన్నూ అడిగారు. బయలుదేరేటప్పుడు ఆవిడ ఏమైనా చెప్పిందా అని. తల తిరిగిపోతోంది, ఇంజను చప్పుడులో నాకేమీ వినపడలేదన్నాను. అంతకుమించి నీ మీద ఒక్క మాట అనలేదు.

అధికారి నీ దగ్గరికి వస్తాడు. ఆవేశపడకుండా మాట్లాడు.

చంటి


ఇంటి నుంచి,
అధికారి వచ్చి వెళ్ళాక

చంటీ,

వచ్చాడు. షెడ్డంతా చూశాడు, నా స్పానర్లు బట్టలో చుట్టి తీసుకెళ్ళాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. బ్రేకు పోయిందని నేను ముందే చెప్పానన్నాను. విన్నవాళ్ళు ఎవరున్నారని అడిగాడు. మా మరిది ఉన్నాడన్నాను. కాగితాలు తిప్పి, ఆయనకు వినపడలేదట కదమ్మా అన్నాడు.

నీకు వినపడలేదు కాబట్టి మళ్ళీ చెప్తాను. పక్క మంచం అతని చేత గట్టిగా చదివించుకో.

మీరిద్దరూ వచ్చేసరికి నేను మూటలు కడుతున్నాను. ఆయన నా మొహం చూడలేదు. నేరుగా షెడ్డులోకి నడిచాడు. నువ్వు కారు అవతలి తలుపు పట్టుకుని నిలబడ్డావు. ఇంజను ఇంకా వేయలేదు. ఏ చప్పుడూ లేదు. తాళం నా దగ్గరే ఉంది.

"బ్రేకు పోయింది. వారం నుంచి నేనే తీయడం లేదు. దర్జీ సైకిలు మీద మూటలు పంపుతున్నాను. రబ్బర్లు తెప్పిస్తున్నాను, వచ్చాక మార్చి తీసుకెళ్ళండి" అన్నాను.

ఆయన సీట్లో కూర్చుని పెడల్ టపటపా రెండుసార్లు తొక్కాడు. రాయిలా నిలిచింది. "బానే ఉందిగా" అన్నాడు.

"టపటపా తొక్కితే అలాగే నిలుస్తుంది. కాలు తీయకుండా పట్టి చూడండి. మెల్లగా కిందికి జారిపోతుంది. నాలుగు చక్రాల దగ్గరా చూశాను, ఎక్కడా చుక్క కారడం లేదు. డబ్బాలో బ్రేకు నూనె తగ్గలేదు. పోయింది, పెడల్ నొక్కితే ఆ నూనెను తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు."

ఆయన కాలు పట్టి చూడలేదు. నీ వైపు తిరిగి, "మనం ఉత్తరాల్లో చెప్పిన చదువేరా ఇది, మనకే అప్పజెబుతోంది" అన్నాడు.

నువ్వు నవ్వావు.

వినపడకపోతే దేనికి నవ్వావు చంటీ?

నీ ఉద్యోగం ఆయన చేతిలో ఉంది, తెలుసు. కాలు విరిగి పడున్నావు, తెలుసు. నీకు పాలు పట్టలేదుగాని పెంచాను, ఆ లెక్క నేనెప్పుడూ తీయలేదు, ఇప్పుడూ తీయను. ఒక్క మాట అడుగుతున్నాను. అధికారిని పిలిపించి, ఆవిడ చెప్పింది, మేము విన్నాము అను. చాలు.

వదిన


క్వారీ క్యాంపు,
పిండికట్టు తీశాక

వదినా,

శుభవార్త. నీకూ తెలిసే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలని. తనిఖీ మెకానిక్కు సిలిండర్ విప్పాడట. దాని బోల్టులను ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదని, తుప్పు పట్టి బిగుసుకున్నాయని తేలింది. లోపల రబ్బరు దానంతటదే అరిగి చచ్చిందట. నీ చెయ్యి లేదని కాగితం మీద రాసేశారు. నాకెంత బరువు దిగిందో చెప్పలేను.

పాత బండి, ఎవరికీ ముందుగా తెలియని లోపం, అనుకోని ప్రమాదం. అలా మూసేస్తున్నారు. అన్నయ్య మీదా ఏమీ లేదు. ఎవరికీ నష్టం లేకుండా సర్దుకుంది కదా వదినా. నేను అప్పుడు నోరు విప్పితే అన్నయ్య ఇరుక్కునేవాడు. విప్పకపోయినా నీకేమీ కాలేదు. నా మీద కోపం ఉంచుకోకు. నువ్వు అడిగినదానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని బాధపడి ఉంటావు. చెయ్యి బాగాలేక.

కాలు కాస్త పొట్టి అయింది. లారీ తోలలేను. అన్నయ్య నన్ను తూకం గదిలో కూర్చోబెట్టాడు. నీడపట్టు పని. నన్ను అడిగినట్టు ఎవరి చేతైనా కబురు పెట్టినా చాలు.

నీ చంటి


ఇంటి నుంచి

మరిదిగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు రాసినదంతా నిజమే, ఒక్క మాట తప్ప. ఎవరికీ నష్టం లేదన్నారు.

డిపో వెనక సిబ్బంది గదుల వరసలో చివరిది కాపలాదారు ఇల్లు. నిన్న వెళ్ళాను. ఒకటే గది. కిటికీ పక్కన మంచం వేశారు. ఆయనకు నడుము కింద స్పర్శ లేదు. బయట బస్సు కదిలినప్పుడల్లా అది ఏ రూటు బస్సో చప్పుడు విని చెప్తున్నాడు. వాళ్ళావిడ ఆయన్ని ఒక పక్కకు ఒత్తిగిల్లబెట్టి కింద దుప్పటి లాగుతోంది. నేను రెండో కొస పట్టుకున్నాను. దుప్పట్లు మార్చడం నాకు తెలిసిన పనే.

అనుకోని ప్రమాదం అన్నారు కాబట్టి వాళ్ళకు ఎవరి దగ్గర నుంచీ ఏమీ రాదు. బండి గలాయనకు లోపం ముందే తెలుసని తేలితే అది వేరే సంగతట. డిపో గుమాస్తా ఆవిడకు చెప్పాడు.

నేనెవరో చెప్పాను. బ్రేకు లేదని మీ అన్నకు ముందే చెప్పానన్నాను. ఆ మాట చెప్పి నా బరువు దించుకుందామనే వెళ్ళాను, దాచడం దేనికి. ఆవిడ దుప్పటి మడత పెట్టడం ఆపింది.

"చెప్పారు, సరే. మరి తాళం ఎందుకిచ్చారమ్మా?" అంది.

బండి ఆయనదన్నాను. ఆవిడ మడత పూర్తి చేసింది.

ఇంటికొచ్చే దారంతా జవాబు వెతుక్కున్నాను. దొరికింది, మీకే రాస్తున్నాను. ఆయన మాటా మీ నవ్వూ విన్నాక నాకు ఒళ్ళు మండింది. పోనీ, కాలు కిందికి జారినప్పుడే తెలుసుకోనీ అనుకున్నాను. ఏ గోడకో గుద్దుకుంటే బుద్ధి వస్తుందనుకున్నాను. తాళం కాలవలో విసిరేయొచ్చు. చక్రంలో గాలి తీసేయొచ్చు. బ్యాటరీ తీగ విప్పడం నాకు చిటికెలో పని, మీరే నేర్పారు. అవేవీ చేయకుండా తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను. గోడకు ముందు ఒక మనిషి కూర్చుని ఉంటాడని నాకు తట్టలేదు.

తట్టనందుకు శిక్ష ఉంటుందో లేదో తెలియదు. రేపు పొద్దున అధికారి దగ్గరికి వెళుతున్నాను. బ్రేకు లేదని తెలిసీ తాళం ఇచ్చానని చెప్తాను. నా మీద నేను చెప్పుకుంటే రాసుకోక తప్పదు కదా. అప్పుడు పక్కన ఎవరున్నారని మళ్ళీ అడుగుతాడు. మీ పేరు చెప్తాను. మిమ్మల్ని పిలుస్తారు. కాలు పొట్టి అయిందని రాశారు, కర్ర పట్టుకునైనా రావాలి.

వినపడలేదని మళ్ళీ అనాలనుకుంటే అనండి. నేను మీకు ఎదురుగానే కూర్చుని ఉంటాను, నా మొహం చూస్తూ అనండి. నా పక్కన కాపలాదారు భార్య కూడా ఉంటుంది. ఇవాళ కబురు పెడితే వస్తానంది.